మన సంఘం వార్షిక నివేదిక 2024-25: జబ్బు సెలవు డబ్బులు, ఆ తర్వాత అంగవైకల్యం క్లెయిములు

సభ్యులందరికీ నమస్కారం అండి. ఒడిశాలో రాయగడ, గుణుపూర్, మునిగుడ, అటు కొరాపుట్, జేపూర్ దాకా ఉన్న మన తెలుగు కుటుంబాలన్నిటికీ ఈ నివేదిక. ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి, వచ్చిన వాళ్ళకి వండిపెట్టిన వాళ్ళకి అందరికీ థాంక్స్. జమాఖర్చులు ట్రెజరర్ గారు మీటింగులో చదువుతారు, కాపీ కావాల్సిన వాళ్ళు ఆయన్ని అడిగి తీసుకోండి.

ఇంక మిగతా అంతా ఒక్క విషయం మీదే రాస్తున్నా, ఎందుకంటే ఈ ఏడాది సంఘం టైం ఎక్కువ దాని మీదే పోయింది, పోవాల్సిందే కూడా. ఫ్యాక్టరీలో, మిల్లులో, క్వారీలో దెబ్బ తగిలిన మన వాళ్ళకి ఇంట్లో కూర్చున్న రోజుల్లో డబ్బు ఏదో ఒక రూపంలో వస్తోంది, కంపెనీ జీతం అనో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) అనో ఇన్సూరెన్స్ అనో. ఆ డబ్బు ఏ పేరు మీద ఇచ్చారు, కాగితం మీద ఏం రాశారు అన్న దాని మీదే తర్వాత జీవితాంతం రావాల్సిన అంగవైకల్యం డబ్బు ఆధారపడి ఉంటోంది. మొదటి వారంలో ఎవరూ దీని గురించి ఆలోచించరు, రక్తం కారుతుంటే ఎవరు ఆలోచిస్తారు చెప్పండి.

పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న ఒక తమ్ముడి సంగతి చెప్తాను. మెషిన్‌లో కుడి చెయ్యి బొటనవేలు పోయింది. సూపర్‌వైజరు బండి మీద ఎక్కించుకుని ప్రైవేటు నర్సింగ్ హోంకి తీసుకెళ్ళాడు, బిల్లు మొత్తం కంపెనీయే కట్టింది, ఇంట్లో ఉన్నన్నాళ్ళు జీతం పూర్తిగా ఇచ్చారు. వాళ్ళమ్మ యజమాని గారికి చేతులెత్తి దండం పెట్టింది. తీరా మేము డిశ్చార్జి కాగితం చూస్తే అందులో ఇంట్లో తలుపు సందులో వేలు పడి తెగిందని రాసుంది. గాయం మానాక డ్యూటీకి వెళ్తే స్పానర్ పట్టు దొరకట్లేదు, ఊడ్చే పనిలో వేశారు, జీతం తగ్గింది. అప్పుడు మా దగ్గరికొచ్చి అన్నా ఇంక ఇంతేనా అని అడిగాడు.

ఇందులో లెక్క ఏంటో అందరికీ తెలియాలి. ఈఎస్ఐలో మామూలు జబ్బు అయితే రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకే, పైగా ఆరు నెలల పీరియడ్‌లో 78 రోజుల కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి. పనిలో తగిలిన దెబ్బ అయితే 90 శాతం, గాయం తగ్గే వరకూ రోజుల లిమిట్ లేదు, ఈ 78 రోజుల రూలు కూడా లేదు, అంటే నిన్న చేరిన పిల్లాడికి కూడా వస్తుంది. దెబ్బ వల్ల శాశ్వతంగా లోపం మిగిలిపోతే మెడికల్ బోర్డు సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది, ఆ శాతం ప్రకారం నెల నెలా జీవితాంతం డబ్బు. బొటనవేలు పూర్తిగా పోతే చట్టం షెడ్యూల్లోనే 30 శాతం అని రాసుంది. రోజుకి 500 కూలి అనుకోండి, 90 శాతం అంటే 450, అందులో 30 శాతం 135, నెలకి 4,050 రూపాయలు, ఉద్యోగం మారినా మానేసినా వస్తూనే ఉంటుంది. అదే దెబ్బని జబ్బు కింద రాసేస్తే రోజుకి 350 చొప్పున కొన్నాళ్ళు వచ్చి ఆగిపోతుంది, అంతే.

మరి కంపెనీ పూర్తి జీతం ఇచ్చింది కదా మంచిదే కదా అని చాలామంది అడుగుతున్నారు. డబ్బు వరకు మంచిదే, ఇచ్చిన యజమానిలో దయ లేదని నేననను. కాని జీతంతో సెలవు ఇచ్చిన రోజులకి ఈఎస్ఐ డబ్బు ఇవ్వదు, అది చట్టంలోనే ఉంది. దాంతో మనవాడు ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్ళడు, సర్టిఫికెట్ తీసుకోడు, కంపెనీ పంపాల్సిన యాక్సిడెంట్ రిపోర్టు ఫారం 12 ఈఎస్ఐ ఆఫీసుకి వెళ్ళదు. నెల తర్వాత జీతం ఆగేసరికి పనిలో దెబ్బ తగిలిందని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ ఉండదు. జీతం తీసుకోండి, దాంతో పాటు యాక్సిడెంట్ రిపోర్టు కూడా వెళ్ళిందో లేదో చూసుకోండి, రెండూ జరగొచ్చు.

ఫ్యాక్టరీలో యాక్సిడెంట్ పుస్తకం అని ఉంటుంది, ఫారం 11 అంటారు. దెబ్బ తగిలిన వాడే వెళ్ళి చెప్పాలని రూలు లేదండి, అతని తరఫున పక్కన పనిచేసే వాళ్ళు చెప్పినా చెల్లుతుంది, ఈ మాట ప్రతి షిఫ్టులో ఉన్న మన వాళ్ళందరికీ చెప్పండి. రాయించాక ఫోన్లో ఫోటో తీసుకోండి. డాక్టరు ఎలా జరిగింది అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉన్నా సరే. కంపెనీకి వచ్చేటప్పుడో వెళ్ళేటప్పుడో రోడ్డు మీద యాక్సిడెంట్ అయినా, డ్యూటీకి సంబంధం ఉన్న టైము దారి అని చూపించగలిగితే పనిలో దెబ్బ కిందే వస్తుంది, 2010లో చట్టంలో ఇది చేర్చారు. ఘాట్ రోడ్ల మీద తెల్లారగట్ల బండ్లేసుకుని వెళ్ళే మన పిల్లలకి ఇది చాలా ముఖ్యం.

ఆ తమ్ముడి కేసుకి వస్తే, ఆ రోజు షిఫ్టు హాజరు, నర్సింగ్ హోంలో చేర్చిన టైము, పక్క మెషిన్ మీద ఉన్న ఇద్దరి స్టేట్‌మెంట్లు పోగేసి ఫైలు వేశాం. డ్యూటీ మధ్యలో ఇంట్లో తలుపు సందులో వేలెలా పడుతుందన్నది మా వాదన. ఇంకా తేలలేదు, వదిలిపెట్టం. బోర్డు శాతం తక్కువ వేసిందనిపిస్తే మూడు నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, దానికీ సంఘం తోడుంటుంది.

ఇంక ఈఎస్ఐ లేని వాళ్ళు, కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళు, క్వారీ, కన్‌స్ట్రక్షన్ వాళ్ళు. వీళ్ళకి 2025 నవంబరు దాకా 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం (పనిలో దెబ్బకి యజమాని పరిహారం ఇచ్చే చట్టం) వర్తించేది, ఇప్పుడు దాని చోట సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది, యజమాని దీనికోసం ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుని ఉండొచ్చు, తీసుకోకపోయినా బాధ్యత పోదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు కంపెనీని అడగొచ్చు. ముప్పై ఏళ్ళ మనిషి, నెల జీతం 15,000, బొటనవేలు పోయి 30 శాతం అంటే, జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకి షెడ్యూల్లో ఇచ్చిన 207.98తో గుణించి అందులో 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. మన వాళ్ళు ఎంతకి సంతకాలు పెట్టి వస్తున్నారో మీకు తెలుసు. ఇంకే క్లెయిము చెయ్యనని స్టాంపు పేపరు మీద రాయించుకున్నా హక్కు పోదు, అలాంటి ఒప్పందం చెల్లదని ఆ 1923 చట్టం 17వ సెక్షన్‌లోనే చెప్పారు, రెండేళ్ళలోపు క్లెయిము వెయ్యాలి అంతే.

ఇక్కడే వోచర్ల గొడవ, అంటే డబ్బు ముట్టిందని సంతకం పెట్టించుకునే కాగితాల గొడవ. ఇంట్లో ఉన్న రోజుల్లో యజమాని పరిహారం అని ఇచ్చిన డబ్బు తర్వాత వచ్చే మొత్తంలోంచి కోసేస్తారు, అది చట్టమే. కాని వైద్యం కోసం పెట్టిన ఖర్చు పరిహారం కిందకి రాదు, కొయ్యకూడదు. మేము చూసిన ఒక వోచరులో ఆపరేషన్ బిల్లు, మందులు, ఇంటికి పంపిన డబ్బు అన్నీ కలిపి ఒకే లైనులో పరిహారం అని రాసి రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ లైను ఒడియాలో ఉంది, మనిషికి చదవడం రాదు. అందుకే అడుగుతున్నా, వోచరు మీద దేనికి ఇస్తున్నారో విడివిడిగా రాయించండి, చదివించుకోకుండా వేలు పెట్టకండి, రాత్రి పదింటికైనా సంఘంలో ఎవరో ఒకరికి ఫోటో పంపండి.

మన సభ్యులొకరి అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం, వేసవి మీటింగులో వీడియో కాల్‌లో అక్కడి సంగతి చెప్పింది. 2004 నుంచి అక్కడ ఉద్యోగికి జబ్బు చేస్తే యజమానే రెండేళ్ళు కనీసం 70 శాతం జీతం ఇవ్వాలట, చిన్న కంపెనీలు దానికోసం ఇన్సూరెన్స్ తీసుకుంటాయి. డబ్బు తన జేబులోంచి పోతుంది కాబట్టి మనిషిని తిరిగి పనిలోకి తేవడానికి యజమాని తొందరపడతాడు. ఆరో వారానికి డాక్టరు రిపోర్టు, ఎనిమిదో వారానికి పనిలోకి తెచ్చే ప్లాను రాయాలి, రెండేళ్ళ తర్వాత రావాల్సిన అంగవైకల్యం డబ్బుకి అప్లై చేస్తే ప్రభుత్వ సంస్థ ఆ కాగితాలన్నీ చూసి యజమాని సరిగ్గా ప్రయత్నించలేదనిపిస్తే మూడో ఏడు జీతం కూడా అతని చేతే ఇప్పిస్తుందట. ఆ రూలు వచ్చిన మొదటి ఏళ్ళలో అక్కడ కొత్తగా అంగవైకల్యం కిందకి వెళ్ళేవాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. మన దగ్గర రిపోర్టు పంపని యజమానికి పోయేదేం కనబడట్లేదు, పోయేదంతా కూలివాడికే, నాకు బాధగా ఉన్నది ఇదే.

మిగతావి త్వరగా చెప్తా. పీఎఫ్ ఉన్నవాళ్ళకి పూర్తి శాశ్వత అంగవైకల్యం వస్తే పెన్షన్ ఉంది, దానికి పదేళ్ళ సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల కాంట్రిబ్యూషన్ కట్టినా చాలు, ఇది చాలామందికి తెలీదు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) మీద ఉండే శాతం వేరు, ఈఎస్ఐ బోర్డు వేసే శాతం వేరు, ఒకటి ఉందని రెండోది మానెయ్యకండి. ఆంధ్రాలో దివ్యాంగుల పెన్షన్ 2024లో 6,000 చేశారని అక్కడికి కార్డు మార్పించుకుంటామని కొందరు అడిగారు, ఎక్కడ ఉంటున్నారో అక్కడే తీసుకోండి, రెండు వైపులా పేరు ఉంటే ఉన్నది కూడా పోతుంది.

వచ్చే ఏడాది ఆదివారం పొద్దున్న పూట సంఘం గదిలో కాగితాలు చూసే డెస్కు నడుస్తుంది. ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, జీతం స్లిప్పులు, డాక్టరు చీటీలు, వోచర్లు ఏవుంటే అవి ఒరిజినల్స్ తెండి, చూసి వెంటనే ఇచ్చేస్తాం. ఒడియా బాగా చదవడం రాయడం వచ్చిన కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కావాలి, పేర్లు మీటింగులో ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి