సంతకం పెట్టే ముందు

సభ్యులందరికీ నమస్కారం. అన్నదమ్ములు భాగాలు పంచుకునే వేళ ఆడబిడ్డల చేత హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయినందువల్ల ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పెళ్లికి కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమల కింద ఎకరం రాశాం, ఇంకేం మిగిలిందని పెద్దలు అంటారు. అయితే కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది మనం గర్వించదగ్గ చట్టమే, కానీ అప్పటికే పెళ్లయిన వారికి వర్తించలేదు. ఆ తేడాను 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ తొలగించింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేము. తండ్రి స్వార్జితమైతే ఆయన వీలునామా ఎవరికైనా రాయవచ్చు. రాయకుండా మరణిస్తే కూతుళ్లకూ సమాన వాటా వస్తుంది.

పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతోనే ఎక్కువమంది సంతకం చేస్తున్నారు. ఆ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. వాటా వదులుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం దగ్గర హడావిడిగా వేలిముద్ర వేయకండి. కాగితం నకలు ముందుగా ఇంటికి తెప్పించుకుని, సర్వే నంబర్లతో సహా చదివించుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.