వానాకాలం బియ్యానికి ఒక రేటు, ఎండాకాలం బియ్యానికి ఒక రేటు ఎందుకంటే

మా మిల్లు బియ్యం తీసుకునే అందరికీ నమస్కారం. వచ్చే లోడు నుంచి రెండు పంటల బియ్యానికీ విడివిడిగా రేట్లు పెడుతున్నాం. వానాకాలం పచ్చి బియ్యం (వడ్లను ఆవిరి పట్టకుండా నేరుగా ఆడించినవి) రేటు కొంచెం పెరుగుతుంది. "ఎండాకాలం వరి ఎకరాకు ఎక్కువ పండుతుంది కదా, అవి కొని చవగ్గా ఇవ్వొచ్చుగా" అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే.

ఎక్కువ పండేది నిజం. మబ్బు లేకపోతే పైరుకు ఎండ బాగా అందుతుంది. చిరుపొట్ట దశ (కాండం లోపల వెన్ను పుట్టే దశ) నుంచి గింజ గట్టిపడేదాకా అందే ఎండే దిగుబడిని తేలుస్తుంది. వానాకాలంలో సరిగ్గా అప్పుడే మబ్బు పట్టేస్తుంది. దానికి తోడు ఎండాకు తెగులు, దోమపోటు, గాలివానకు చేను పడిపోవడం.

కానీ బస్తాలు పెరిగినంత మాత్రాన రైతుకు మిగలదు. కిలో వడ్లు పండాలంటే పొలానికి సగటున 2,500 లీటర్ల నీళ్లు కావాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. వానాకాలంలో అందులో చాలావరకు వానే ఇస్తుంది. ఎండాకాలంలో దాదాపు మొత్తం కాలువ నుంచో బోరు నుంచో రావాలి. కాలువ నీళ్లు నమ్మకంగా అందే రైతుకు ఎండాకాలం పంటే లాభమని నేనూ అంటాను. డీజిల్ పోసి తోడుకునే రైతుకైతే ఆ అదనపు దిగుబడి ఇంజన్ ఖర్చుకే పోతుంది. నాట్లు ఆలస్యమై, పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటిందా, తాలు పెరిగి ఆ దిగుబడి కూడా ఉండదు.

ఇక మిల్లు సంగతి. 100 కిలోల వడ్లలో ఊక 20 కిలోల దాకా, తవుడు 8 నుంచి 10 కిలోలు పోతాయి. మిగిలిన దానిలో నిండు గింజ (విరగకుండా వచ్చే బియ్యం) ఎంత, నూక ఎంత అన్నదాని మీదే మా బతుకు. గింజ పాలు పోసుకునేటప్పుడు రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే లోపల పిండి గట్టిగా పేరుకోదు. గింజ పొట్ట తెల్లగా ఉండిపోయి పాలిష్‌లో విరుగుతుంది. కోత ఆలస్యమైతే ఇంకా కష్టం. పగలు బాగా ఎండిన గింజ రాత్రి తేమ పీల్చుకుని, కంటికి కనపడకుండా పగుళ్లిస్తుంది. అలాంటి వడ్లను పచ్చిగా ఆడిస్తే నూకే ఎక్కువ వస్తుంది. నానబెట్టి ఆవిరి పడితే పిండి ఉబ్బి ఆ పగుళ్లు అతుక్కుంటాయి. అందుకే ఎండాకాలం వడ్లను మేం ఎక్కువగా ఉప్పుడు బియ్యమే చేస్తాం. దానికి పొయ్యి ఖర్చు, మళ్లీ ఆరబెట్టే ఖర్చు అదనం.

వానాకాలం వడ్లకు ఆ బాధ తక్కువ. అయితే కోసేటప్పుడు 20 నుంచి 25 శాతం ఉండే తేమను 14కి దించాలి. వానలో అది చిన్న పని కాదు.

అందుకే ఇకమీదట రైతుకు తూకంతో పాటు నిండు గింజ శాతాన్ని బట్టి కూడా డబ్బు ఇస్తాం. అదును చూసి కోసి, సరిగ్గా ఆరబెట్టిన రైతుకు ఆ కష్టం తాలూకు డబ్బు అందాలి. మీకు పెరిగే రేటులో ముఖ్యభాగం అక్కడికే వెళ్తుంది, ఇది నేను మనస్ఫూర్తిగా చేస్తున్న పని. ప్రతి బస్తా మీద ఏ కాలం పంటో, ఏ నెలలో ఆడించామో రాసి ఉంటుంది. ఉప్పుడు బియ్యం రేటు ఇప్పటికి మార్చడం లేదు. పాత బియ్యమే కావాలనుకునేవాళ్లు వానాకాలం కోతల్లోపే చెప్పండి, మీ వంతు వడ్లు పక్కన పెట్టిస్తాను.