ఈ సొసైటీ ఎవరిది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ‘సొసైటీ ఎదుట రైతుల పడిగాపులు’ అని మొన్న మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. యూరియా కోసం నిలబడ్డ ఆ వరుసలో నేనూ ఉన్నాను. రాసిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ శీర్షిక చదివినప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. సొసైటీ ఒక దిక్కు, రైతులు ఒక దిక్కు అన్నట్టు ఉన్నది. ఆ సొసైటీ, అంటే సహకార సంఘం, రైతులదే కదా.

మన ఉమ్మడి నల్లగొండలో ఈ మాట వినకుండా రోజు గడవదు. పోచంపల్లి దిక్కు నేతన్న ‘సొసైటీ నూలు’ అంటాడు. గీత కార్మికుడు ‘మా సొసైటీ చెట్లు’ అంటాడు. చెరువున్న ఊళ్లలో చేపల సొసైటీ, పట్నంలో ప్లాట్ల సొసైటీ. గురుకులాల టీచర్లు కలిస్తే ‘మీది ఏ సొసైటీ’ అని అడుగుకుంటారు. డిగ్రీ చదివే నా బిడ్డ ‘సొసైటీ ఏమనుకుంటుందో అని టెన్షన్ పడితే ఎట్లా నాన్నా’ అంటుంది. అక్కడ ఆ మాటకు నలుగురు అని అర్థం. రైతు నోట మాత్రం సొసైటీ అంటే యూరియా బస్తాలుండే గోదాం.

మా తాత సొసైటీ అనడం నేను వినలేదు. ఆయన మాట ‘సంగం’. 1940లలో ఆంధ్రమహాసభను మన పల్లెలు పిలుచుకున్న పేరు అది. 1944 భువనగిరి సభ తర్వాత అది ఊరూరికీ పాకింది. వెట్టి చెయ్యనని దొర ముఖం మీద చెప్పే ధైర్యం సంగంలో చేరినందుకే వచ్చిందని తాత చెప్పేవాడు. ఇంకా వెనక్కి పోతే మన ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ భిక్షువులు కలిసి బతికినదీ సంఘమే. మాటల్లో తేడా చూడండి: సంఘంలో చేరేవాళ్లం, సొసైటీకి పోతున్నాం. దుకాణానికి పోయినట్టు.

ఆగస్టు చివర ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పోయాను. అప్పటికే గోదాం ముందు మనుషులకు బదులు చెప్పులు వరుస కట్టి ఉన్నాయి. చెప్పుల మధ్య పాస్‌బుక్ జిరాక్సులు, గాలికి ఎగరకుండా వాటి మీద రాళ్లు. పది దాటాక షటర్ సగం లేచింది. ఒక్కొక్కరికి రెండే బస్తాలన్నారు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. నా వంతు వచ్చినప్పుడు ‘సారూ, నా వాటాధనం ఎంతున్నదో చెప్తారా’ అని అడిగాను. ‘అదిప్పుడెందుకు, బస్తాలు కావాలా వద్దా’ అన్నాడాయన. పొద్దటి నుంచి తిట్లు తింటున్న మనిషి, ఆయన మీద నాకు కోపం లేదు. నా వెనక ఉన్న పెద్దాయన మాత్రం ‘వాటా అంటే ఏంది తమ్మీ’ అని అడిగాడు. నలభై ఏండ్లుగా సభ్యుడట. లోన్ ఇచ్చినప్పుడల్లా కొంత పట్టుకుంటే ఆఫీసు ఖర్చుల కింద కోస్తున్నారనుకున్నాడట. అది ఆయన పెట్టుబడి అని, ఆ గోదాంలో ఆయనకూ భాగమున్నదని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

యూరియా కొరత మన సహకార సంఘం చేతిలో లేదు. కేటాయింపులు పైన జరుగుతాయి. కానీ లోడ్ వచ్చిన రోజు ఎన్ని బస్తాలు దిగాయి, ఎవరెవరికి పోయాయి అని గోడ మీద రాసి పెట్టడం సంఘం చేతిలోని పనే. అడగాల్సినవాళ్లం మేమే, సభ్యులం.

వడ్డీ వ్యాపారి పట్టు నుంచి రైతును విడిపించాలని 1904లో సహకార పరపతి సంఘాల చట్టం తెచ్చారు. ఇప్పుడు మనకు నడుస్తున్న 1964 చట్టం ప్రకారం వాటా ఎంతున్నా సభ్యుడికి ఓటు ఒక్కటే. వంద ఎకరాలవాడికీ ఎకరంవాడికీ ఒక్కటే. 2011లో రాజ్యాంగాన్నే సవరించి సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చారు. ఇంత బలమున్న సంఘాలకు మన రాష్ట్రంలో 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్ల గడువు 2025 ఫిబ్రవరితోనే నిండింది. ఆ తర్వాత గడువు పొడిగించారు. సర్పంచి ఎన్నికల గురించి టీకొట్టు దగ్గర మాట్లాడుకున్నంతలో పదో వంతు కూడా దీని గురించి మాట్లాడుకోవడం లేదు. నాకు బాధ అక్కడే.

మీకు నా విన్నపం ఒకటే. వార్త రాసేటప్పుడు ఉత్త ‘సొసైటీ’ అనకుండా ‘రైతుల సహకార సంఘం’ అని రాయించండి. సభ్యులందరి మహాజన సభ జరిగితే ఎవరికి శాలువా కప్పారో కాకుండా ఏ లెక్కలు చదివారో, ఎందరు సభ్యులు వచ్చారో, ఎవరు ఏం అడిగారో అచ్చు వేయండి. జరగకపోతే జరగలేదని వేయండి.

మా దగ్గర ఈసారి సభ నోటీసు ఇంకా అంటించలేదు. అంటించిన రోజు ఫోన్ చెయ్యమని ఆ పెద్దాయన నా నంబర్ తీసుకున్నాడు. పాత లోన్ రసీదులన్నీ వెతికి పెడతానన్నాడు.

– ఒక పత్తి రైతు, నల్లగొండ జిల్లా