విషయం: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మీరు పంపిన మెసేజ్ మీద ఫిర్యాదు

కర్నూలు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

ఆ విభాగంలో పెద్ద అంటూ ఒకరు ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నాను.

నేను కర్నూలులో జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ వెబ్‌సైట్‌లో దూరం కొలిచే యంత్రం, లేజర్ రేంజ్‌ఫైండర్ కొన్నాను. ఎదురుగా నిలబడ్డ జింకకు దూరం అడిగితే ఒకసారి మధ్యలో ఉన్న గడ్డిదుబ్బుకు దూరం చెబుతుంది, ఇంకోసారి అడ్డగీతలు చూపించి ఊరుకుంటుంది. పొదల చాటున ఉన్న జంతువును పట్టుకునే మోడ్ పెట్టినా అంతే. యంత్రమన్నాక చెడిపోతుంది, దాని మీద నాకు కోపం లేదు. కోపమంతా మీ మనుషుల మీద.

మొదట ఫోన్ చేశాను. తెలుగుకు ఫలానా నంబరు నొక్కమంటే నొక్కాను. చాలాసేపు పాట వినిపించి, హిందీ మాట్లాడే ఒక అబ్బాయికి కలిపారు. వచ్చీరాని హిందీలో నా గోడంతా చెప్పుకుంటే ఓపిగ్గా విని, "బ్యాటరీ మార్చారా సార్?" అన్నాడు. మార్చాను బాబూ. సీఆర్2 బ్యాటరీ ప్రతి అంగట్లో దొరికేది కాదు, కెమెరా షాపులు వెతికి తెచ్చాను. మళ్ళీ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. పాత వివరాలేవీ తన కంప్యూటర్‌లో లేవంది. కథంతా మొదటినుంచి చెప్పాను. "బ్యాటరీ మార్చారా సార్?" ఆ తర్వాత ఎవరు ఎత్తినా అదే మంత్రం. చివరికి హలో అనగానే "మార్చాను" అని చెప్పడం అలవాటైంది.

తర్వాత ఒకాయన, జంతువులు కదులుతాయి కాబట్టి కదలని పెద్ద వస్తువు మీద పెట్టి చూడమన్నాడు. సరే అని పొద్దున్నే, ఎండ ముదిరితే మళ్ళీ ఎండ మీద నెడతారని, కొండారెడ్డి బురుజు దగ్గరికి పోయాను. ఒకే చోట నిలబడి, ఒకే గోడ మీద పెట్టి మీట నొక్కితే నొక్కినప్పుడల్లా ఒక్కో దూరం. బురుజు కూడా కదులుతోందేమో నాకు తెలియదు, మా ఊళ్ళో మాత్రం ఎవరూ చూడలేదు. అదంతా వీడియో తీసి మెయిల్ చేశాను. మీ యంత్రం లేజర్‌ను పంపి, అది తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వంద మీటర్లు పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. అంత చిన్న సమయాన్ని కొలిచే కంపెనీ, ఉగాదికి పంపిన మెయిల్‌కు వినాయక చవితికి జవాబు రాసింది. ఆ జవాబులో ఉన్నదల్లా ఒక ఫారం నింపమని.

ఆ ఫారం సంగతి వివరంగా చెప్పాలి. "దేనికి వాడుతున్నారు?" అన్న ప్రశ్న కింద మీరు ఇచ్చినవి రెండే: వేట, గోల్ఫ్. కర్నూలు ఎండలో నేను గోల్ఫ్ ఆడుతున్నానని రాస్తే ఎవరు నమ్ముతారు? ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు పోనివ్వదు. "దేని మీద వాడారు?" అన్నదానికి జింక, ఎలుగుబంటి, గోల్ఫ్ జెండా అని ఇచ్చారు. జింక నొక్కాను. కింద ఖాళీలో "ఇది వేట కాదు, జింకల లెక్కింపు" అని రాశాను. దాన్ని ఎవరూ చదవలేదని తర్వాత అర్థమైంది.

ఎందుకంటే ఆ తర్వాత మీ దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది. నేను చేయకుండా మీరు చేసిన ఫోన్ అదొక్కటే. అవతలి మనిషి చాలా మర్యాదగా, "సార్, మీరు వేట అని రాశారు. ఇండియాలో వేట నిషేధం. చట్టవిరుద్ధమైన వాడకానికి వారంటీ వర్తించదు" అన్నాడు.

కాలేజీ ల్యాబ్‌లో కప్పల్ని కోయించడం తప్ప నేను దేన్నీ చంపించినవాణ్ణి కాను. కృష్ణజింక మన రాష్ట్ర జంతువనీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉందనీ, దాన్ని వేటాడితే జైలేననీ ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. నన్ను పట్టుకుని వేటగాడంటారా? పెట్టె మీద తుపాకీ పట్టుకుని కొండమీద బోర్లా పడుకున్న మనిషి బొమ్మ వేసింది ఎవరు? నేనా?

మీ మాన్యువల్‌ను అట్ట నుంచి అట్ట వరకు చదివాను, బహుశా మీ ఏజెంట్లకంటే ఎక్కువే చదివి ఉంటాను. వాలు మీదినుంచి కాల్చేటప్పుడు గుండు ఎంత కిందికి దిగుతుందన్నది వాలు దూరాన్ని బట్టి కాక సమతల దూరాన్ని బట్టి ఉంటుందనీ, అందుకే కోణం లెక్కగట్టి చూపిస్తుందనీ అందులో ఉంది. వేటకు లైసెన్సులిచ్చే దేశాల్లో ఇది పనికొచ్చే వస్తువే, కాదనను. దూరం తప్పుగా ఊహించి కాలిస్తే గుండు పొట్టలోనో కాలిలోనో తగిలి, ఆ జంతువు కుంటుకుంటూ పోయి ఎక్కడో చస్తుంది. అంటే దూరం సరిగ్గా చూపకపోతే వేటగాడికి కూడా మీ యంత్రం దండగే.

మా పని వేరు. రోళ్లపాడులో అటవీ శాఖ సిబ్బందితో కలిసి గడ్డిమైదానంలో నేరుగా ఒక గీత వెంబడి నడుస్తాం. మంద కనబడిన చోట ఆగి దూరం, దిక్సూచితో కోణం రాసుకుంటాం. ఆ రెండిటితో మా గీతకు మంద ఎంత ఎడంగా ఉందో తేలుతుంది. అలాంటి ఎడాలన్నీ కలిపితేనే ఆ నేలలో జింకలెన్నో అంచనా వస్తుంది. దూరం తప్పితే అంచనా తప్పు. చుట్టూ శనగ వేసుకున్న రైతు "సార్, ఈసారి ఎన్ని తేలినాయి?" అని అడిగితే, బ్యాటరీ మార్చానప్పా అని చెప్పమంటారా?

ఆ తర్వాత కూడా బుద్ధి రాక, మీరు చెప్పినట్టే ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు పంపాను. "లోపం లేదు" అన్న చీటీతో తిరిగొచ్చింది. లోపం ఎలాగూ తియ్యలేదు, దాని పౌచ్ మాత్రం తీసేసుకున్నారు. అదే సాయంత్రం ఫిర్యాదు పరిష్కరించబడిందని, అయిదు నక్షత్రాలు ఇవ్వమని మెసేజ్.

నా మొదటి బైనాక్యులర్ మీ కంపెనీదే. 1988లో బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడును అభయారణ్యం చేశాక, ఆ పిట్టను నేను తొలిసారి చూసింది దానితోనే. నా మాట విని మీ వస్తువులు కొన్న శిష్యులు ఈ నాలుగు జిల్లాల్లో ఎంతమందో. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనబడటం లేదు. మీ కస్టమర్ కేర్ కూడా అదే దారి పట్టినట్టుంది.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. వకీలు అక్కర్లేదు. రిటైరైనవాణ్ణి, నాకు తీరికకు కొదవ లేదు. వాయిదా వాయిదాకూ వస్తాను. మీరు కూడా రండి, మా ఎండ చూద్దురుగాని.

కొత్తది ఇస్తారో, డబ్బు వాపసిస్తారో, పౌచ్‌తో సహా బాగుచేసి ఇస్తారో మీరే తేల్చుకోండి. దానికంటే ముందు మీ రికార్డుల్లో నా పేరు పక్కన ఉన్న "వేట" అన్న మాట కొట్టేయించి, ఆ మాట కొట్టేశామని కాగితం మీద సంతకం పెట్టి పంపండి. పదిహేను రోజుల్లో ఆ కాగితం రాకపోతే, మీ పెట్టె మీది తుపాకీ బొమ్మను కూడా జతచేసి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఫోన్ చేసేవాళ్ళు తెలుగులో చేయండి. బ్యాటరీ మాట ఎత్తితే పెట్టేస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జతపరచినవి: బిల్లు, సర్వీస్ సెంటర్ చీటీ, కార్గో రసీదు