బొమ్మ దగ్గర ఏడ్చావట

చిట్టితల్లీ,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒక్కటి పంపి ఊరుకుంటున్నావు. నాన్న బీపీ అదుపులోనే ఉంది. బుజ్జిగాడు యథాప్రకారం పుస్తకం ముట్టడు. అన్నట్టు, రోగి బదులు బొమ్మ మీద వైద్యం నేర్పే మీ సిమ్యులేషన్ ల్యాబ్‌లో బొమ్మ చనిపోతే నువ్వు బాగా ఏడ్చావని, నర్సింగ్ కోర్సు మానేస్తానన్నావని పిన్ని చెవిన పడిందట. నేనేమీ అడగనులే.

నేను చదువుకునేటప్పుడు మా ల్యాబ్‌లో ఉన్నది ఉలుకూపలుకూ లేని బొమ్మ. 1911లో అమెరికాలో మార్తా చేజ్ అనే ఆవిడ నర్సింగ్ విద్యార్థుల కోసం చేసిచ్చిన నిలువెత్తు బొమ్మకూ దానికీ పెద్ద తేడా లేదు. మీ బొమ్మకైతే ఛాతీ లేచి పడుతుంది, నాడి దొరుకుతుంది, నొప్పని మూలుగుతుంది కూడా. అలాంటిది మానిటర్ మీద గీత సాఫీగా అయిపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. ముందు చెప్పకుండా పిల్లలకు ఆ సీను పెట్టడం నాకు నచ్చదు. బొమ్మను చావనివ్వాలా వద్దా అని పాఠం చెప్పేవాళ్లలోనే వాదన ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నైట్ డ్యూటీలో, ఒక పెద్దాయన గుండె ఆగింది. నేను ఛాతీ నొక్కుతున్నాను. చుట్టూ నలుగురైదుగురున్నారు. "ఎవరైనా అంబూ బ్యాగ్ తీసుకురండి" అని సిస్టర్ అరిచింది, అదే, చేత్తో పిండి ఊపిరి అందించే సంచి. పక్కవాళ్లు వెళ్తారులే అని ఎవరికి వాళ్లు నిలబడిపోయారు. అప్పుడావిడ ఒకమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. "అంబూ బ్యాగ్ తెస్తున్నా సిస్టర్" అంటూ ఆ పిల్ల పరిగెత్తింది. ఆయన బతికాడు. పేరు పెట్టి పిలవడం, విన్నమాట తిరిగి చెప్పడం మాకెవరూ ల్యాబ్‌లో నేర్పలేదమ్మా. మీకు నేర్పుతున్నారు.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ కూడా అంతే. నొక్కే లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఇది చదివితే వచ్చేది కాదు, బొమ్మ మీద చెయ్యి అలవాటు పడాలి. ఇక ల్యాబ్ అయ్యాక జరిగింది మాట్లాడుకునే డీబ్రీఫింగ్‌లో తలదించుకుని కూర్చోకు. ఏం చూశావో, ఏమనుకున్నావో, అందుకని ఏం చేశావో వరసగా చెప్పు. మేడమ్‌కు నీ చేతులే కనిపిస్తాయి, నీ ఆలోచన కనిపించదు కదా. ఏడుపు వచ్చిందని కూడా అక్కడే చెప్పు.

లెక్చర్ ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను. మానేయాలని నిజంగా అనుకుంటుంటే, ముందు నాతో మాట్లాడు. ల్యాబ్ ఉన్నరోజు ఖాళీ కడుపుతో వెళ్లకు, టెన్షన్‌లో నీకు కళ్లు తిరుగుతాయి. కొత్త బూట్లు కరుస్తున్నాయన్నావుగా, మడమకు ప్లాస్టర్ వేసుకో. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను, ఎత్తు.

అమ్మ