జనం రాలేదా, రానిచ్చారా?

సంపాదకుడు గారికి,

పోయిన మంగళవారం మీ జిల్లా పేజీలో 'ఆదరణ లేక ఆగిన ఆదివారం ఆట' అన్న వార్త చదివాను, అదే, మన ఊరి థియేటర్‌లో ఆదివారం పొద్దున పాత సినిమాలు, పరభాషల సినిమాలు వేసే ఆట జనం రాక ఆగిపోయిందన్న వార్త. అప్పుడే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని, చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. చల్లారలేదు, అందుకే ఇలాగే రాస్తున్నాను.

ఆదరణ లేదని మీ విలేకరికి ఎవరు చెప్పారో గానీ, ఆ ఆటలకు మొదటి ఆదివారం నుంచి వెళ్తున్నవాళ్లలో నేనూ మా వదినా ఉన్నాం. ఒక్క వారమన్నా మీ విలేకరి అక్కడ కనబడిన గుర్తు లేదు. 'పట్టుమని పదిమంది కూడా రాలేదు' అని రాశారు. నేను 32 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఎక్కడ కూర్చున్నా తలలు లెక్కపెట్టడం అలవాటు. ఆఖరిసారి మేం 41 మందిమి. అందులో ముగ్గురు తాడిపత్రి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు. 41 గొప్ప సంఖ్య అని నేనూ అనను. కానీ ఆ 41 మంది ఏమేం ఓర్చుకుని వచ్చారో తెలిస్తే మీరే దండం పెడతారు.

తాడిపత్రి అంటే గుర్తొచ్చింది. అదే వార్తలో కె.వి.రెడ్డి గారిని 'కడప జిల్లాకు చెందిన దర్శకుడు' అని వేశారు. అయ్యా, కడప జిల్లావారు బి.ఎన్.రెడ్డి గారు. 'మల్లీశ్వరి' తీసినాయన, దక్షిణాది నుంచి మొట్టమొదట ఫాల్కే అవార్డు అందుకున్నాయన. కె.వి.రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి, 1912లో తాడిపత్రిలో పుట్టారు. ఇద్దరూ వాహిని సినిమా కంపెనీలో పనిచేశారు, ఇద్దరి పేర్ల చివరా రెడ్డి ఉంది, అంతమాత్రాన జిల్లా మారిపోతుందా? ఆ వాహినికి డబ్బు పెట్టిన మూలా నారాయణస్వామి గారిదీ తాడిపత్రే, నాటకాల బళ్లారి రాఘవ పుట్టిందీ తాడిపత్రిలోనే. 'మాయాబజార్' తీసిన మనిషిని అనంతపురంలో అచ్చయ్యే పేజీ పక్క జిల్లాకు రాసిచ్చేస్తే, సీమ అంటే టాటా సుమోలు, వేటకొడవళ్లు అని బయటివాళ్లు అనుకోవడంలో వింతేముంది.

సరే, ఆ థియేటర్ సంగతి. పేరు రాయను, ఊరందరికీ తెలిసిందే. ఆదివారం పొద్దున చిన్న స్క్రీన్‌లో పాత సినిమాలు, పరభాషల మంచి సినిమాలు వేస్తామంటే మేమెంత సంబరపడ్డామో. మొదట 9:30 అన్నారు. మూడో వారానికి అది 8:30 అయింది, ఎందుకంటే పెద్ద హీరో సినిమాకు ఆ టైము కావాలట. ఆదివారం పూట 8:30కి థియేటర్‌లో ఉండాలంటే ఇంట్లో ఉగ్గాని ఎన్నింటికి చెయ్యాలో ఆ మేనేజర్‌కు తెలుసా? ఇంకో వారం అసలు ఆటే లేదు. గేటు దగ్గరికి పోతే వాచ్‌మన్ 'ఈ వారం లేదమ్మా' అన్నాడు. ఏ సినిమా, ఎన్నింటికి అన్నది గేటు పక్కన ఒక తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో రాసి అంటిస్తారు. బుకింగ్ యాప్‌లో కనబడదు. వాట్సాప్‌లో ఎవరైనా ఫోటో పెడితే తెలిసినట్టు, లేకపోతే లేదు. ఇంత రహస్యంగా మా స్కూల్లో పరీక్ష పేపర్లు కూడా దాచేవాళ్లం కాదు.

'మల్లీశ్వరి' వేసిన రోజు సంగతి చెప్తాను. 1951 సినిమా. ఆ కాలపు బొమ్మ కాస్త చదరంగా ఉంటుంది, ఎత్తుకంటే వెడల్పు మూడోవంతు పైచిలుకు ఎక్కువ, అంతే. తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ, వచ్చిందే 1974లో, 'అల్లూరి సీతారామరాజు'తో. అంతకు ముందరి సినిమా ఏది వేసినా తెరకు రెండు పక్కలా నల్లగా వదిలెయ్యాలి. ఇక్కడేమో తెర నిండాలని బొమ్మను అడ్డంగా సాగదీశారు. రామారావు గారి భుజాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. భానుమతి గారి ముఖం చూసి మా వదిన 'ఈమె ఇంత లావుగా ఉండేదా అప్పుడు?' అంది. ఎద్దుబండి వచ్చింది చూడండి, బండి చక్రం వృత్తం కాదు, దీర్ఘవృత్తం. లెక్కల టీచరుకు అంతకన్నా అవమానం ఉంటుందా?

లేచి పైకి, మెషిన్ రూముకు వెళ్లాను. ఇరవై ఏళ్ల పిల్లోడు ఫోన్ చూసుకుంటున్నాడు. 'నాయనా, బొమ్మ సాగిపోయింది, సరిచెయ్యి' అంటే, 'పాత పిక్చర్ కదమ్మా, అట్లే ఉంటాది' అన్నాడు. వాణ్ణి నేనేమీ అనను, ఎవరు నేర్పారని? రీళ్ల కాలంలో ఆపరేటర్ అంటే రెండు ప్రొజెక్టర్ల మధ్య నిలబడి, రీలు అయిపోవస్తోందని తెర కుడి పై మూలన చుక్క మెరవగానే రెండోదానికి మార్చేవాడు, కన్ను పక్కకు తిప్పితే జనం ఈలలు, బూతులు. ఇప్పుడు సర్వర్ ఆన్ చేసి టీకి వెళ్లిపోవచ్చు. బొమ్మ సైజు మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాల పని ఆ పిల్లోడికి చూపించే దిక్కు లేదు.

తర్వాత సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి' పెట్టారు. నా ఫిర్యాదు వల్లనేమో ఈసారి సాగదీయలేదు. పెద్దది చేసి పైనా కిందా కోసేశారు! సబ్‌టైటిల్స్ రెండో వరుస తెర కిందికి పోయింది. మా వదినకు ఇంగ్లీషు రాదు, నేను చదివి చెవిలో చెప్తున్నాను, కాసేపటికి నాకే కనబడక మానేశాను, ఇద్దరం సమానమయ్యాం. అదీ ఓర్చుకున్నాం. రైలు చూడాలని అందులోని పిల్లలు అపు, దుర్గ రెల్లుదుబ్బుల్లో పడి పరిగెత్తుతుంటే, దూరంగా పొగ ఇంకా కనబడీ కనబడకముందే, ఠప్పున లైట్లు వేశారు. ఇంటర్వెల్! సమోసా, సమోసా అని ఒకడు లోపలికి వచ్చాడు. మా వెనక సీట్లో ఒక పెద్దాయన చేతిలో కళ్లజోడు పట్టుకుని తలకాయ అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు, ఆ మనిషి మళ్లీ రాలేదు. ఆ ఒక్క తల తగ్గినందుకు బాధ్యత ఎవరిది, ఆదరణ లేని ప్రజలదా?

ఏసీ సంగతి, లేడీస్ బాత్రూముకు ఆ పూట తాళం వేసి ఉంచే సంగతి రాస్తే మీ పేజీ చాలదు.

ఈ ఊళ్లో ఇలాంటి సినిమాలకు జనం లేరన్నది అబద్ధం, నేను ఆ జనంలో ఒకదాన్ని. నా చదువుకునే రోజుల్లో కాలేజీ హాల్లో తెల్లగుడ్డ కట్టి 16 ఎంఎం ప్రొజెక్టర్‌తో వేసేవారు. ఫిల్ము బాక్సులు పాత సినిమాలు భద్రపరిచే పుణె ఆర్కైవ్ నుంచి రైల్లో వచ్చేవి, ఆలస్యమైతే రెండు గంటలు కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. సినిమాకు ముందు కథంతా తెలుగులో రాసి సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి చేతికిచ్చేవారు, అది చదివితే ఏ భాషైనా అర్థమయ్యేది. మా వదినలాంటివాళ్లకు అలాంటి కాగితం ఇప్పుడు ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుందండీ, జిరాక్స్‌కు? 'మా భూమి' 1980లో విడుదలైనప్పుడు హైదరాబాద్‌లో మార్నింగ్ షోగా ఏడాది పాటు ఆడింది. మార్నింగ్ షో! రోజూ అదే హాలు, అదే టైము. ఈ వారం 9:30, వచ్చే వారం 8:30, ఆ పై వారం 'లేదమ్మా' అంటే, 'మా భూమి' అయినా మూడో వారానికి ఎత్తేసేవారు.

ఇక ఆట ఆగడానికి దారితీసిన అనుమతుల గొడవ. మామూలు నాలుగు ఆటలు కాక పొద్దున వేసేది అదనపు ఆట కాబట్టి దానికి వేరే అనుమతి కావాలట, ఆ కాగితం ఒక ఆఫీసులో మూడు వారాలు పడుకుంది. ఏ ఆఫీసో రాయను, రాస్తే ఇంకో మూడు వారాలు పడుకుంటుంది. అదే పెద్ద సినిమా వస్తే? అర్ధరాత్రి ఒంటిగంట బెనిఫిట్ షోకు, టికెట్ రేటు పెంపుకు కాగితాలు సాయంత్రానికి సాయంత్రం రెక్కలు కట్టుకుని వస్తాయి. 2021లో జీవో ఇచ్చి పల్లెల్లో 5 రూపాయల టికెట్ అన్నారు, ఏడాది తిరక్కముందే ఇంకో జీవో ఇచ్చి మార్చారు. రేటు ఎంత అన్న మాట మీద సర్కార్లకున్న పట్టింపులో పదో వంతు తెర మీద ఏం పడుతోందన్న దాని మీద ఉంటే బాగుండు. పాత సినిమా అంటే వీళ్లకు ఒకటే తెలుసు, 2022లో 'పోకిరి'తో మొదలైన ఈ 4కె రీరిలీజులు. హీరోల పుట్టినరోజులకు ఇరవై ఏళ్ల సినిమా వేసి, కాగితాలు చింపి ఎగరేసి, సీట్లు విరగ్గొట్టినా పరవాలేదు, బందోబస్తు కూడా ఇస్తారు. మేం 41 మంది ముసలీ ముతకా, కొందరు కాలేజీ పిల్లలు, ఒక్క సీటు మీద గీత కూడా పెట్టలేదు, మాకు అనుమతి లేదు.

ఆగిపోయిన ఆ ఆదివారం వేయాల్సిన సినిమా ఏమిటో మీ వార్తలో రాయలేదు. 'పెద్దమనుషులు'. 1954, ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం. ఊరంతా దండం పెట్టే మున్సిపల్ ఛైర్మన్ లోలోపల ఏం మింగుతున్నాడన్నది కథ. అది తెలిసి ఆపారని నేననను. 70 ఏళ్ల నాటి సినిమా కథ కనుక్కునేంత ఓపిక ఆ ఆఫీసుకు ఉంటే మా కాగితం మూడు వారాలు ఎందుకు పడుకుంటుంది?

థియేటర్ యజమానికి నా విన్నపం ఏమిటంటే, నెలకు నాలుగు వద్దు, రెండే వెయ్యండి, కానీ రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, 10 గంటలకు అంటే 10 గంటలకే. రెండు రోజుల ముందు యాప్‌లో పెట్టండి. టికెట్ 100 అయినా ఇస్తాం, ఉచితం అక్కర్లేదు. ఇంటర్వెల్ ఎక్కడ ఇవ్వాలో సినిమా ముందే ఒకసారి చూసి నిర్ణయించండి. బొమ్మ సైజు ఆ పిల్లోడికి రాకపోతే నన్ను పిలవండి, నేనే వచ్చి చక్రం గుండ్రంగా వచ్చేదాకా పక్కన నిలబడతాను.

మీకు నా విన్నపం ఒక్కటే. కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి అని సవరణ వేయండి. మొదటి పేజీలో వద్దు, సినిమా ప్రకటనల కింద రెండు లైన్ల జాగా దొరికినా చాలు. ఈసారి బొమ్మ వేస్తే మాత్రం, దయచేసి సాగదీయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
అనంతపురం