బుడ్డోడి బడి గురించి చిట్టితల్లికి

తెనాలి

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను కులాసా. నిన్న పొద్దున ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. "ఇక్కడ న్యూజిలాండ్‌లో నీ మనవణ్ణి ఏ చైల్డ్‌కేర్ సెంటర్లో వేయాలో తేలడం లేదమ్మా, వాడి విషయంలో తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్‌లో అయితే బుడ్డోడు పిలుస్తాడు, కుక్కర్ కూస్తుంది, మాట మధ్యలో తెగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక పాత సంగతి. నీకు మూడేళ్లు వచ్చేటప్పటికి నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. ఊళ్లో పిల్లలందరినీ ఒళ్లో కూర్చోబెట్టుకున్న నేను, నిన్ను మాత్రం ప్రైవేటు స్కూల్లో నర్సరీలో వేశాను. టై, బెల్టు, నల్ల బూట్లు. "మీ అమ్మాయి ఇంగ్లీషు మీడియమా" అని ఎవరైనా అడిగితే గొప్పగా ఉండేది. అక్కడ తెలుగు మాట్లాడకూడదని రూలు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నిన్ను తీసుకెళ్దామని వస్తే వరండా మూలన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నావు. గౌను తడిసి, ఆరి, కాళ్లకు అంటుకుపోయింది. "ఒంటికి అని చెప్పానమ్మా, ఇంగ్లీషులో అడగమన్నారు" అన్నావు. ఏడవలేదు కూడా. నీకు గుర్తుందో లేదో, నేను మాత్రం మర్చిపోలేదు. ఆ బడిలో చేర్చేటప్పుడు బిల్డింగు చూశాను, ఫీజు చూశాను, రిజల్ట్స్ అడిగాను. నా బిడ్డ నోట్లోంచి వచ్చే మాట వినేవాళ్లు అక్కడ ఉన్నారా అని చూడలేదు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, బుడ్డోడి విషయంలో ముందు అది చూడు.

నువ్వు పంపిన కాగితాలన్నీ నాన్న చేత ప్రింట్ తీయించుకుని చదివాను. న్యూజిలాండ్ వాళ్ల చిన్నపిల్లల పాఠ్య ప్రణాళిక పేరు 'తే ఫారికి' అట కదా, అక్కడి మూలవాసుల మావోరీ భాషలో అల్లిన చాప అని అర్థం అట. 1996లో తెచ్చి 2017లో మళ్లీ దిద్దారని రాశారు. పిల్లాడి ఆరోగ్యం, తనవాళ్లన్న భావన, నలుగురిలో పాలు పంచుకోవడం, మాట, వెతికి తెలుసుకోవడం... ఇవన్నీ కలిపి అల్లితే చదువు అంటున్నారు. ఆ పేజీ రెండుసార్లు చదివాను. మూడేళ్ల పిల్లల మధ్య ఇన్నేళ్లు కూర్చున్నదాన్ని, నాకు అందులో అబద్ధం కనపడలేదు.

అల్లుడుగారి బెంగ నాకు అర్థమవుతుంది. హైదరాబాద్‌లో వాళ్ల అన్నయ్య కూతురు అప్పుడే వంద వరకు రాస్తోంది, మనవాడేమో మట్టిలో ఆడుకుంటాడా అని. ఆయనకు నా మాటగా చెప్పు. అంగన్‌వాడీలో మేం చిక్కుడు గింజలు, కంది గింజలు కలిపి పోసి వేరు చేయించేవాళ్లం. మట్టితో ఉండలు చేయించేవాళ్లం. అలా వేళ్లు గట్టిపడ్డ పిల్లలకు తర్వాత పలక ఇస్తే అక్షరం చకచకా వచ్చేది. వేళ్లలో బలం రాకముందే పెన్సిల్ పట్టిస్తే చెయ్యి నొప్పి పుట్టి, బడి అంటేనే భయం పట్టుకునేది. పైగా మీ దగ్గర పిల్లలు మామూలుగా అయిదేళ్లు నిండగానే స్కూల్లో చేరతారు, ఆరేళ్లకు గానీ తప్పనిసరి కాదు. వాడికి ఇంకా దాదాపు రెండేళ్లుంది. ఆడుకోనివ్వండి.

ఇక నువ్వు వీడియోలో చూపించిన సెంటర్ల సంగతి. మీకు పదిన్నర అంటే మాకు తెల్లవారుజామున నాలుగు, అయినా లేచి కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. మొదటిది చాలా బాగుంది, కాదనను. అద్దాల గోడలు, కొత్త బొమ్మలు, పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. కానీ అక్కడి ఆవిడ అరగంటసేపు నీతోనే మాట్లాడింది. వాడు నీ చున్నీ పట్టుకుని నిలబడ్డాడు, ఒక్కసారి కూడా వాడి వైపు వంగలేదు. రెండోది, ఆ కిండర్‌గార్టెన్, పాత పెంకుల షెడ్డులా ఉంది, పిల్లలు చెప్పులు లేకుండా బురదలో ఉన్నారు. అక్కడ ఒక టీచరు గొంతుక్కూర్చుని, వాడి చేతిలో బొమ్మ చూపించి ఏదో అడిగింది. వాడు "ఆవు" అన్నాడు. ఆవిడ నవ్వి "ఆవు" అంది. మళ్లీ అంది. వాడు నీ చున్నీ వదిలేశాడు. నువ్వు ఫోన్ పట్టుకుని గేటు వైపు చూస్తున్నావు, గమనించలేదేమో. నేను చూశాను.

ఇబ్బంది నాకు తెలుసు. అది మధ్యాహ్నం రెండున్నరకే మూసేస్తారు, నీ ఉద్యోగం అయిదింటి దాకా. మూడేళ్లు నిండాయి కాబట్టి వారానికి 20 గంటలు, రోజుకు ఆరు గంటల వరకు ఫీజు తీసుకోరు, మిగతా గంటలకు ఎంతో, 'ఆప్షనల్' అన్న ఛార్జీలు కట్టకపోతే ఏమవుతుందో రెండు చోట్లా నిర్మొహమాటంగా అడుగు. బడులను, ఇలాంటి సెంటర్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎడ్యుకేషన్ రివ్యూ ఆఫీస్ వాళ్ల రిపోర్టులు ఎవరైనా చదువుకోవచ్చట, అవీ చూడు. తనిఖీలు నేనూ చూసినదాన్నే, కాగితం కొంత చెబుతుంది, పిల్లలు దింపే వేళకు వెళ్లి గేటు దగ్గర నిలబడితే మిగతాది తెలుస్తుంది. ఏడుస్తున్న బిడ్డను ఎవరు ఎత్తుకుంటున్నారు, ఎంతసేపటికి ఎత్తుకుంటున్నారు, అది చూడు. చేర్చాక మొదటి రోజుల్లో తల్లిని కూడా ఉండనిస్తారని చెప్పావు. సెలవు పెట్టి అయినా ఉండు. చెప్పకుండా మాత్రం జారుకోవద్దు, "వెళ్లి వస్తాను నాన్నా" అని చెప్పి వెళ్లు, ఏడ్చినా సరే.

తెలుగు సంగతి. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడితే త్వరగా కలిసిపోతాడని ఎవరో సలహా ఇచ్చారన్నావు. వద్దమ్మా. ఇంగ్లీషు వాడికి ఆటల్లోనే వస్తుంది. నువ్వు ఉన్న దేశంలోనే చూడు. మావోరీ భాష మాట్లాడే పెద్దవాళ్లు తగ్గిపోతుంటే, 1982లో కోహంగా రేఓ అని మొదలుపెట్టారు. భాషకు గూడు అని అర్థమట. అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతలు కూడా పసిపిల్లలతో కూర్చుని రోజంతా తమ భాషే మాట్లాడారు. బడిలో ఆ భాష మాట్లాడినందుకు చిన్నప్పుడు దెబ్బలు తిన్న తరం అది. చదువుతుంటే నాకు మన వరండా గుర్తొచ్చి కళ్లు నిండాయి. వాళ్లు అంత కష్టపడి తిరిగి తెచ్చుకున్నదాన్ని మనం చేజేతులా పోగొట్టుకోవడం ఎందుకు? రోజూ మాకు పొద్దున పదకొండున్నరకి, మీకు సాయంత్రం, నాకు ఫోన్ చెయ్యి. వాడితో అరగంట నేను మాట్లాడతాను.

డబ్బాలో పెరుగన్నం పెట్టు, చేత్తో తింటాడని టీచరుకు ముందే చెప్పు. రెండు జతల బట్టలు ఎక్కువ పెట్టు. చలికాలం జలుబులు తప్పవు, కంగారు పడకు.

ఇంకొక్కటి. ఏ సెంటర్లో చేర్చినా, మొదటి రోజే ఒక కాగితం మీద వాడి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి టీచరుకు ఇవ్వు. నీళ్లు, పాలు, ఆకలి, నొప్పి, నిద్ర, అమ్మ కావాలి. గోడకు అంటించమని అడుగు. ఆ కాగితంలో అన్నిటికన్నా పైన 'ఒంటికి' అని రాయి.

మీ అమ్మ